మనోవైద్యుడు గిరీంద్రశేఖర బోసు

ఉయ్యూరు కృష్ణా డెల్టాలో చెఱకు తోటల నడుమ నున్న యూరు. విజయవాడనుండి బందరునకు పోవు మార్గమున నది యున్నది. చక్కెర కర్మాగారమునకును, మాఘమాసమున జరుగు వీరమ్మతల్లి తిరునాళ్లకును అది ప్రసిద్ధి గన్నది. ఆ యూర ఉపాధ్యాయవృత్తినుండి విశ్రాంతి గొని యున్న నాయొద్దకు ఒకనాటి సాయంకాలము నా పూర్వ విద్యార్థిని యొకతె వచ్చెను. ఆమె కళాశాలలో చదువుచు, తీరిక వేళలయందు ఇంటర్నెట్టు ద్వారా చికిత్సా మనస్తత్త్వ శాస్త్రపు ప్రథమ పాఠములను నేర్చుకొనుచుండెను. పాఠము చెప్పు ఆచార్యుడు ఎక్కడనో వేల మైళ్ల దూరమున నుండును. ఆమె తన యింటి వసారాలో కూర్చుండి, చేతిలోని చిన్న తెరపై ఆయన ముఖమును చూచును. ఆయన మాత్రము ఆమెను చూడడు. గురువును కన్నులార చూడక, ఆయన యెదుట కూర్చుండి సందేహము లడుగక నేర్చిన చదువు నిజమైన చదువగునా మాస్టారూ, అని ఆమె నన్నడిగెను.

ఆ ప్రశ్నకు నేను వెంటనే సమాధానము చెప్పలేదు. కలకత్తాలో నివసించుచు, వియన్నాలోని గురువును ఒక్కమారైనను చూడకయే ఆయన శాస్త్రమును నేర్చి, ఆ గురువునకే సందేహములు కలిగించిన యొక భారతీయ వైద్యుని చరిత్రమును ఆమెకు చెప్పితిని. బాలబాలికలారా! దానినే మీకును చెప్పుచున్నాను.

మనస్సును గూర్చిన విచారణ మన దేశమునకు క్రొత్త కాదు. ఉపనిషత్తులును, పతంజలి యోగసూత్రములును మనోవృత్తులను మిక్కిలి లోతుగా చర్చించినవి. ఐనను కొలతలతోను, ప్రయోగములతోను మనస్సును పరిశీలించు నవీనశాస్త్రము పందొమ్మిదవ శతాబ్దమున ఐరోపాలో పుట్టినది. జర్మనీలోని లైప్‌జిగ్ నగరమున విల్‌హెల్మ్ వూంట్ అను పండితుడు 1879లో ఒక ప్రయోగశాలను నెలకొల్పెను. ఆయన శిష్యుడును, అమెరికా దేశస్థుడును అగు లైట్నర్ విట్మర్ 1896లో ఫిలడెల్ఫియా నగరమున మొట్టమొదటి మనస్తత్త్వ చికిత్సాలయమును తెఱచెను. ఎంత శ్రమపడినను అక్షరదోషములు తప్పని యొక బాలుని అతని ఉపాధ్యాయురాలు విట్మరు నొద్దకు తెచ్చుటయే దానికి మూలము. ఆ బాలుని మందమతి యని తీసివేయక, కన్నులను పరీక్షించి, చదువు తీరును పరిశీలించి, దోషమునకు కారణము నరయుటకు విట్మరు పూనుకొనెను. ఇట్టి పనికే చికిత్సా మనస్తత్త్వ శాస్త్రమను పేరు తరువాత వచ్చినది.

సరిగా ఆ కాలముననే ఆస్ట్రియా రాజధానియగు వియన్నాలో సిగ్మండ్ ఫ్రాయిడు అను వైద్యుడు మఱియొక త్రోవను వెదకుచుండెను. రోగిని స్వేచ్ఛగా మాటలాడనిచ్చి, ఓపికతో విని, ఆ మాటల వెంటనే పోయి అతని మనస్సులోని చిక్కును విప్పుట ఆ త్రోవ. దానికి మనోవిశ్లేషణమని పేరు. ఈ రెండవ త్రోవయే మన కథానాయకుని ఆకర్షించెను.

గిరీంద్రశేఖర బోసు 1887వ సంవత్సరము జనవరి 30వ తేదీన వంగదేశపు కుటుంబమున జన్మించెను. తండ్రియైన చంద్రశేఖర బోసు బీహారు ప్రాంతమునందలి దర్భంగా మహారాజునకు దివానుగా నుండెను. తొమ్మండుగురు సంతానములో గిరీంద్రశేఖరుడు కడపటివాడు. అతని బాల్యము దర్భంగాలో గడచెను. ఆ యింట విద్య యనగా పరీక్షలకై వల్లించుట మాత్రమే కాదు. తండ్రికి వేదాంతమునందు అభిమానము మెండు. అన్నయగు రాజశేఖర బోసు రసాయన శాస్త్రజ్ఞుడై, బెంగాల్ కెమికల్ సంస్థను నడపుచు, పరశురాముడను మాఱుపేరుతో హాస్యకథలు వ్రాసి వంగసాహిత్యమున చిరకీర్తి నార్జించెను. చలంతిక యను నిఘంటువును గూడ కూర్చెను. ఒక్క బుద్ధికి ఒక్క శాస్త్రమే చాలునను నియమము ఆ యన్నదమ్ములకు లేకుండెను.

గిరీంద్రశేఖరుడు కలకత్తాలోని ప్రెసిడెన్సీ కళాశాలలో రసాయన శాస్త్రము చదివి, పిమ్మట వైద్యకళాశాలలో చేరి 1910లో వైద్యపట్టమును పొందెను. చిన్ననాటినుండియు అతనికి గారడీ విద్యలయందును, మాటలచేతను చూపుచేతను మనుష్యుని నిద్రవంటి స్థితికి కొనిపోవు వశీకరణ విద్యయందును ఆసక్తి యుండెను. కంటికి కనబడునది కనబడినట్లే యుండదనియు, మనస్సు తన్ను తానే మోసగించుకొన గలదనియు గారడీ చూచువారికి తెలిసినట్లు మఱెవ్వరికిని తెలియదు. ఈ వినోదమే మున్ముందు ఆయన జీవితకార్యమునకు బీజమయ్యెను.

వైద్యవృత్తి నారంభించిన కొలదికాలమునకే గిరీంద్రశేఖరుని కొక చిక్కు ఎదురయ్యెను. కొందఱు రోగులకు దేహమున ఏ దోషమును కనబడదు. ఐనను వారు బాధపడుచునే యుందురు. ఒకరికి నిష్కారణముగా గుండెదడ వచ్చును. ఒకరు చేతులను పదేపదే కడుగుకొనుచు ఆ పని మాన లేకపోవుదురు. మఱియొకరు నలుగురిలోనికి వచ్చుటకే భయపడుదురు. వైద్యులు వారికి రోగము లేదని పంపివేయుదురు. ఇరుగుపొరుగువారు గాలి సోకినదందురు. భూతవైద్యులు వేపమండలతో కొట్టుదురు. వ్యాధి ముదిరినచో పిచ్చాసుపత్రి యను పేరుగల ఎత్తైన గోడల వెనుక ఉంచుదురు. ఆ గోడల లోపలికి పోయినవారికిని, బయటనున్న బంధువులకును సంబంధము తెగిపోవుటయు కద్దు. ఏ వైద్యునికిని పట్టని యీ మనుష్యులను ఎవరు చూడవలయును? ఈ ప్రశ్న గిరీంద్రశేఖరుని విడువలేదు.

ఫ్రాయిడు చేయుచున్న కృషిని గూర్చి ఆయన ఆంగ్ల పత్రికలలో చదివెను. ఫ్రాయిడు గ్రంథములు జర్మను భాషలో నుండెను. వానికి ఆంగ్లానువాదములు అప్పటికి మిక్కిలి స్వల్పము. అవి కలకత్తాకు చేరుట యింకను అరుదు. 1914లో ప్రపంచయుద్ధము ప్రారంభము కాగా, బ్రిటిషు పాలనలో నున్న మన దేశమునకు ఆస్ట్రియా శత్రుదేశమయ్యెను. ఈ స్థితిలో గిరీంద్రశేఖరుడు దొరికిన పుస్తకమును దొరికినట్లు చదువుచు, చదివిన దానిని తన రోగుల మాటలతో పోల్చి చూచుచు, ఎవరి శిక్షణయు లేక ముందునకు సాగెను. ఆయనకు పుస్తకమే గురువు, రోగియే పరీక్ష.

కలకత్తా విశ్వవిద్యాలయము 1916లో మనస్తత్త్వ శాస్త్రమునకు ప్రత్యేక శాఖను నెలకొల్పెను. మన దేశమున అట్టి శాఖలలో నదియే మొదటిది. అమెరికాలో శిక్షణ పొంది వచ్చిన నరేంద్రనాథ సేన్‌గుప్త ఆ శాఖకు అధ్యక్షుడు. అప్పటికే వైద్యుడై, సంసారియై, ముప్పదియేండ్ల వయస్సునకు చేరువైన గిరీంద్రశేఖరుడు మరల విద్యార్థిగా ఆ శాఖలో చేరుటకు సిగ్గుపడలేదు. 1917లో ఎం.ఎస్‌సి. పట్టము పొంది అచ్చటనే అధ్యాపకుడయ్యెను. పిమ్మట అణచివేయబడిన కోరికలను గూర్చి యొక సిద్ధాంతగ్రంథమును రచించి 1921లో డాక్టరు పట్టమును పొందెను.

అణచివేత యనగా నేమో మీకు తెలియవలెను. కాలువ లాకు తలుపులు మూసినంత మాత్రమున పైనుండి వచ్చు నీరు మాయమై పోదు. ముందునకు పోవు దారి లేక అది గట్టును ఒరయుచు నిలిచియుండును. గట్టు ఎక్కడ బలహీనముగా నున్నదో అక్కడ ఊటయై దిగును. తుదకు గండియు పడవచ్చును. మనస్సును ఇట్టిదే. తగదని మనము తలచిన కోరికను, సహింపరాని దుఃఖమును, చెప్పుకొనరాని భయమును లోనికి నెట్టి తలుపు మూయుదుము. కొంతకాలమునకు ఆ సంగతి మనకే జ్ఞప్తి యుండదు. కాని యది పోలేదు. కలగానో, తొట్రుపాటుగానో, కారణము తెలియని వ్యాధిగానో వేఱొకచోట బయటపడును. గండి పడినచోట మట్టి వేసినంత మాత్రమున చాలదు. నీరు ఎక్కడ నిలిచినదో తెలిసికొని దారి కల్పింపవలెను. రోగి నిర్భయముగా తన మనస్సునకు తోచిన దెల్ల పలుకగా, వైద్యుడు నిందింపక, తొందరింపక వినుటయే ఆ దారి యని మనోవిశ్లేషకుల మతము.

గిరీంద్రశేఖరుడు తన గ్రంథమును వియన్నాలోని ఫ్రాయిడునకు పంపెను. ఎన్నడును ఎఱుగని దేశమునుండి, ఎవరి సిఫారసు లేక వచ్చిన యా పుస్తకమును ఆ ప్రఖ్యాత వైద్యుడు చదువునో చదువడో తెలియదు. కాని 1921లో ప్రత్యుత్తరము వచ్చెను. ఇంత దూరదేశమున తన శాస్త్రమునందు ఇంతటి శ్రద్ధయు, ఇంతటి అవగాహనయు కలుగుట తన కాశ్చర్యమును సంతోషమును కలిగించినదని ఫ్రాయిడు వ్రాసెను. ఆ యుత్తరముతో మొదలైన రాకపోకలు 1937 వఱకు నిలిచెను. ఒక సందేహమునకు సమాధానము రావలెనన్న ఓడలపై ఉత్తరములు పోయి వచ్చువఱకు వారములు, నెలలు వేచియుండవలెను. ఇప్పుడు తెర క్షణకాలము నిలిచిపోయినచో విసుగుకొనువారు ఈ ఓర్పును తలచుకొనుట మంచిది.

గురువును చూడవలెనను కోరిక కలకత్తా మిత్రులకు లేకపోలేదు. యతీంద్రకుమార సేన్ అను చిత్రకారుడు, ఫ్రాయిడును గాని ఆయన ఛాయాచిత్రమును గాని చూడకయే, ఇట్లుండును గాబోలునని ఊహించి యొక చిత్రము వ్రాసెను. గిరీంద్రశేఖరుడు దానిని వియన్నాకు పంపెను. ఆ బొమ్మలో తాను అచ్చముగా ఆంగ్లేయుని వలె నున్నానని ఫ్రాయిడు నవ్వుకొనెను. దూరమునుండి గురువును ఊహించుకొనువారికి ఇట్టి పొరపాటు సహజము. రూపమును ఊహించుటలో పొరపడినను నష్టము లేదు. శాస్త్రమును ఊహించుటలో పొరపడరాదు. అందుచేతనే గిరీంద్రశేఖరుడు ఏ సంగతియైనను స్వయముగా పరీక్షింపక అంగీకరింపలేదు.

1922లో కలకత్తాలోని పార్సీబగాన్ వీథిలో 14వ నంబరుగల తన యింట ఆయన భారతీయ మనోవిశ్లేషణ సమితిని స్థాపించెను. మొదట పదునేనుగురు సభ్యులు చేరిరి. వారిలో కళాశాలాధ్యాపకులును, సైనికవైద్యులును ఉండిరి. అంతర్జాతీయ సంఘము ఈ సమితిని తన శాఖగా అంగీకరించెను. గిరీంద్రశేఖరుడు తుదివఱకు దీనికి అధ్యక్షుడుగా నుండెను. ఐరోపాలో మనోవిశ్లేషకుడు కాదలచినవాడు మొదట మఱియొక విశ్లేషకుని యెదుట తన మనస్సును విప్పి చూపి, శిక్షణ పొందవలసి యుండెను. గిరీంద్రశేఖరునికి అట్టి గురువు లేడు. తన మనస్సును తానే పరిశీలించుకొనవలసి వచ్చెను. కాని తనకు దొరకనిది తన శిష్యులకు దొరకవలెనని ఆయన తలచి, వారికి ఎదుట కూర్చుండి శిక్షణ నొసగెను. ఇది గమనింపదగిన విషయము. దూరమునుండి నేర్చుకొన్నవాడే దగ్గఱ నుండి నేర్పుట యొక్క విలువను బాగుగా నెఱిగియుండును.

దూరముననున్న గురువు గొప్పవాడైనప్పుడు శిష్యునకు రెండు ప్రమాదములు కలవు. గురువు చెప్పినదంతయు వేదవాక్యమని నమ్ముట యొకటి. అర్థము కాకుండగనే కాదని త్రోసివేయుట యింకొకటి. గిరీంద్రశేఖరుడు ఈ రెండింటిని తప్పించుకొనెను. తన రోగుల మాటలు వినివిని ఆయన యొక సిద్ధాంతమునకు వచ్చెను. మనస్సులో కోరికలు ఒంటరిగా నుండవు, జంటలై యుండును. కొట్టవలెనను కోరిక వెనుక కొట్టించుకొనవలెనను కోరికయు, ఒకరిని చూడవలెనను కోరిక వెనుక తన్ను ఒకరు చూడవలెనను కోరికయు దాగియుండును. ఒకటి పైకి వచ్చినపుడు రెండవది అణగియుండును. బాలురు ఆడుకొను తూగుడుబల్ల వలె ఒక కొన లేచినప్పుడు రెండవ కొన దిగును. అందుచేత రోగి తన ఎదుటివాని స్థానమున తన్ను తాను ఊహించుకొనుచు, రెండు కోరికలను మార్చిమార్చి చూచుకొనినచో చిక్కు విడునని ఆయన అభిప్రాయము.

అంతే కాదు. వియన్నాలోని రోగులలో కనబడినదంతయు కలకత్తాలోని రోగులలో అట్లే కనబడవలయునను నియమము లేదని గూడ ఆయనకు తోచెను. మన కుటుంబములు వేఱు. తల్లిబిడ్డల అనుబంధము, ఉమ్మడి కాపురము, పెంపకము వేఱు. 1929లో ఆయన తన వ్యాసములను ఫ్రాయిడునకు పంపి, తన రోగులయందు కనబడిన భేదములను వినయముతోను, నిస్సంకోచముగాను తెలిపెను. ఫ్రాయిడు వానిని శ్రద్ధగా చదివెను. కాని పూర్తిగా ఒప్పుకొనలేదు. శిష్యుడును తన పట్టు విడువలేదు. అభిప్రాయములు కలియకున్నను గౌరవము తగ్గలేదు. వాదించుట వేఱు, విరోధించుట వేఱు అనుటకు ఈ యుత్తరములు సాక్ష్యము.

1931లో ఫ్రాయిడునకు డెబ్బదియైదు సంవత్సరములు నిండెను. ఆ సందర్భమున కలకత్తా సమితివారు దంతముతో చెక్కిన విష్ణువిగ్రహమును ఆయనకు కానుకగా పంపిరి. ఫ్రాయిడు దానిని తాను వ్రాసికొను బల్లపై నుంచుకొనెను. కొన్నాళ్లకు దంతమును, కొయ్యపీఠమును బీటలు వాఱెను. కలకత్తాకు అలవాటుపడిన దేవునికి వియన్నా వాతావరణము సరిపడలేదేమో యని ఆయన తన దినచర్యలో పరిహాసముగా వ్రాసికొనెను. 1938లో హిట్లరు సేనలు ఆస్ట్రియా నాక్రమింపగా, యూదుడైన ఫ్రాయిడు ముసలితనమున ఇల్లు విడిచి లండనునకు పోవలసి వచ్చెను. 1939 సెప్టెంబరులో అచ్చటనే మరణించెను. ఆయన నివసించిన గృహము ఇప్పుడు ప్రదర్శనశాల. కలకత్తా విష్ణువు నేటికిని అందున్నాడు. గురుశిష్యులు మాత్రము ఒకరినొకరు చూచుకొనకయే యుండిపోయిరి.

ఉత్తరములు వ్రాయుటతోను, వ్యాసములు ప్రకటించుటతోను గిరీంద్రశేఖరుడు తృప్తి చెందియున్నచో ఆయన కథ ఒక పండితుని కథగా ముగిసెడిది. ఆయన హృదయము రోగుల యందుండెను. 1933లో కలకత్తాలోని కార్మైకేల్ వైద్యకళాశాలకు చెందిన ఆసుపత్రిలో ఆయన మనోవ్యాధులకు ప్రత్యేక చికిత్సావిభాగమును తెఱచెను. ఆ కళాశాలయే ఇప్పటి ఆర్. జి. కర్ వైద్యకళాశాల. జ్వరమునకు, గాయమునకు మందు నిచ్చు సాధారణమైన ఆసుపత్రిలోనే, అదే వాకిట, మనోవ్యాధికి గూడ చికిత్స లభించుట మన దేశమున అదియే మొదలు. ఇది చిన్న మార్పుగా తోచవచ్చును. కాని పిచ్చాసుపత్రి ద్వారము దాటుటకు సిగ్గుపడి, భయపడి ఇంటనే మ్రగ్గువారికి ఆ సాధారణపు వాకిలి ఎంతటి ధైర్య మిచ్చినదో ఊహింపుడు. కాలు విఱిగినవాడును మనస్సు విఱిగినవాడును ఒకే బల్లపై కూర్చుండి వంతుకై వేచియుండవచ్చునని ఆ ఆసుపత్రి లోకమునకు చాటెను.

1940లో రాజశేఖర బోసు తిల్జలా ప్రాంతమునందలి తన స్థలమును సమితికి దానము చేయగా, అందు లుంబినీ పార్కు అను మానసిక వైద్యశాల వెలసెను. తమ్ముని ఆశయమునకు అన్న చేసిన సాయ మది. ఎత్తైన గోడలకంటె, మంచి మాటయు, ఓపికయు రోగికి మేలు చేయునను నమ్మకముతో అది నడచెను.

ఇచ్చట ఒక విషాదమును దాచరాదు. 1942లో సుప్రసిద్ధ వంగకవి కాజీ నజ్రుల్ ఇస్లాం వ్యాధిగ్రస్తుడై, క్రమముగా మాటయు, జ్ఞాపకమును కోల్పోయెను. ఆయనను లుంబినీ పార్కునకు తెచ్చి కొన్ని నెలలు చికిత్స చేసిరి. గుణము కనబడలేదు. తరువాత చాలకాలమునకు, 1953లో, ఆయనను వియన్నాకు కొనిపోగా అచ్చటి వైద్యులు పరీక్షించి, అది మెదడును క్షీణింపజేయు వ్యాధియనియు, దానికి చికిత్స లేదనియు తేల్చిరి. మనస్సు యొక్క బాధలన్నియు మాటలతో తీరునవి కావు. కొన్నిటికి మూలము మెదడునందుండును. కొన్నిటికి ఔషధము కావలెను. కొన్నిటికి శాస్త్రము నేటికిని మార్గము కనుగొనలేదు. ఎంతటి వైద్యునకైనను తెలియనిది కొంత మిగులునని తెలిసియుండుట వైద్యవిద్యలో నొక భాగము.

గిరీంద్రశేఖరుడు తన విద్యను ఆంగ్లము తెలిసినవారికే పరిమితము చేయలేదు. కలలను గూర్చి 1928లో స్వప్నమను గ్రంథమును వంగభాషలో వ్రాసెను. 1933లో పురాణములను పరిశీలించుచు పురాణప్రవేశమను గ్రంథమును ప్రకటించెను. భగవద్గీతకు వ్యాఖ్య రచించెను. ఎఱ్ఱచీమలకును నల్లచీమలకును జరిగిన యుద్ధమును వర్ణించుచు లాల్ కాలో అను పిల్లల కథను గూడ వ్రాసెను. రోగుల దుఃఖములను దినమంతయు విన్న మనుష్యుడు పిల్లలకై చీమల కథ వ్రాయుటలో ఆశ్చర్యము లేదు. మనుష్యుల మనస్సు తెలియగోరువాడు పిల్లల మనస్సును మఱువడు. 1947లో సమితి పక్షమున సమీక్ష యను పత్రికను స్థాపించి, దానికి సంపాదకుడయ్యెను. విశ్వవిద్యాలయమున మనస్తత్త్వ శాఖకు అధ్యక్షుడై అనేక శిష్యులను తీర్చిదిద్దెను. 1953వ సంవత్సరము జూన్ 3వ తేదీన ఆయన కాలధర్మము చెందెను.

ఆయన మరణించిన మరుసటి సంవత్సరము, అనగా 1954లో, బెంగుళూరున అఖిల భారత మానసిక ఆరోగ్య సంస్థ ప్రారంభమయ్యెను. అదియే ఇప్పుడు నిమ్హాన్స్ అను పేరున ప్రసిద్ధమై యున్నది. శాస్త్రమును ఆనాడున్న చోటనే నిలిచియుండలేదు. ఫ్రాయిడు చెప్పిన వానిలో ననేకములను తరువాతివారు ప్రశ్నించిరి, కొన్నిటిని విడిచిపెట్టిరి. ఆలోచనల తీరును, నడవడిని క్రమక్రమముగా మార్చు చికిత్సలు వచ్చినవి, ఔషధములు వచ్చినవి. కాని బాధపడువానిని నిందింపక వినవలెనను మొదటి సూత్రము మాత్రము మాఱలేదు.

ఈ కథ విన్న పిమ్మట నా విద్యార్థిని కొంతసేపు మాటలాడలేదు. అప్పుడు నేను ఆమెతో ఇట్లు చెప్పితిని. అమ్మాయీ, దూరమునుండి నేర్చిన చదువు చదువే యగును. గిరీంద్రశేఖరుడు నేర్చినది అట్లే కదా. ఐతే ఆయన చదివి యూరకుండలేదు, చదివినదానిని ప్రశ్నించెను. ప్రశ్నించి యూరకుండలేదు, రోగి ప్రక్కన కూర్చుండి పరీక్షించెను. నీవు వినుచున్న ప్రథమ పాఠములు వాకిలి వంటివి. వాకిట నిలుచుండి లోపలి గదులన్నియు చూచితి ననుకొనరాదు. చికిత్స చేయవలెనన్న విశ్వవిద్యాలయమున చదివి, అనుభవజ్ఞుల పర్యవేక్షణలో రోగులను చూచి, ప్రభుత్వము నిర్ణయించిన విధమున అర్హత పొందవలెను. మొన్న నేర్చిన పేర్లను నిన్నటి స్నేహితులకు తగిలించి, వీరికి ఈ వ్యాధి, వారికి ఆ వ్యాధి యని నిర్ణయించుట విద్య కాదు. అది మనుష్యుని బాధించుట.

ఆమె తల వంచుకొనెను. తన తరగతిలోని యొక బాలిక కొంతకాలముగా ఎవరితోను మాటలాడుట లేదనియు, తాను ఆమెకు ఒక వ్యాధి పేరు పెట్టి స్నేహితురాండ్రతో చెప్పితిననియు, అది విని ఆ బాలిక కళాశాలకు వచ్చుటయే మానినదనియు మెల్లగా చెప్పెను. ఆమె నాయొద్దకు వచ్చుటకు నిజమైన కారణ మదియని నాకప్పుడు తెలిసెను. నేను ఆమెను కోపింపలేదు. వైద్యునివలె కాక, స్నేహితురాలివలె ఆ బాలిక యింటికి పోయి, తప్పు ఒప్పుకొని, ఏమియు అడుగక ఆమె ప్రక్కన కొంతసేపు కూర్చుండుమంటిని. ఆమె మాటలాడ దలచినచో వినుమనియు, అవసరమైనచో పెద్దలతో చెప్పి వైద్యుని యొద్దకు తీసికొనిపోవలె ననియు చెప్పితిని. 2022లో భారత ప్రభుత్వము ప్రారంభించిన టెలీ మానస్ అను సహాయకేంద్రమునకు 14416 నంబరున ఫోను చేసినచో, మన తెలుగుననే మాటలాడువారు దొరకుదురని గూడ తెలిపితిని.

మరునాటి సాయంకాలము ఆమె ఆ యింటికి పోయెను. మొదటి దినము ఆ బాలిక తలుపు తీయలేదట. రెండవ దినము తీసినదట. ఇద్దఱును వసారాలో కూర్చుండి, చీకటి పడువఱకు ఏమియు మాటలాడకయే యుండిరట. మూడవ దినమున ఆ బాలిక తానే మాటలాడుట మొదలిడినదని ఆమె వచ్చి నాతో చెప్పెను. ఏమి మాటలాడినదో ఆమె చెప్పలేదు, నేనును అడుగలేదు. వినిన దానిని దాచుకొనుట ఆ విద్యలోని రెండవ పాఠము. దానిని ఆమెకు ఏ తెరయు నేర్పలేదు.